కాముడు రాక్షసుడు కాడు

ఫాల్గుణ పున్నమి దగ్గర పడుతుందంటే చాలు, మన జిల్లా పేజీల్లో ఏటా ఒకే మాట అచ్చవుతుంది. కాముని దహనమంటే మనలోని కామాన్ని కాల్చుకోవడమట, చెడు మీద మంచి గెలిచిన రోజట. బడిలో ప్రార్థన వేళ సార్లు చెప్పేదీ ఇదే, కాలనీ సంఘాల ఫ్లెక్సీల మీద కనిపించేదీ ఇదే, టీవీలో కూర్చున్న పండితులు వివరించేదీ ఇదే. ఈ మధ్య దీనికి ఇంకో మాట కూడా తోడైంది. మంటలో కాలేది హోళిక అనే రాక్షసి అంటున్నారు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల పల్లెల్లో, గోదావరి దాటితే మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ దాకా ఈ పండుగ పేరు కాముని పున్నం. ఎవరి పేరు మీద పండుగ జరుగుతున్నదో ఆ మనిషి కథలోంచి తప్పిపోతున్నాడు. తప్పిపోని చోట దోషిగా నిలబడుతున్నాడు. ఈ వ్యాఖ్యానం పురాణానికి పొసగదు, పల్లె ఆచారానికి అసలే పొసగదు. పొసగని మాటను పిల్లలకు ఏటా వల్లె వేయించడం వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

ముందు కథ దగ్గరికే పోదాం. శివుడి కొడుకు చేతిలో తప్ప తారకాసురుడికి చావు లేదు. శివుడేమో సతిని పోగొట్టుకుని తపస్సులో కూర్చున్నాడు. పార్వతి దగ్గరే ఉండి సేవ చేస్తున్నా ఆయన కళ్లు తెరవడు. దేవతలకు దిక్కు తోచక ఇంద్రుడు మన్మథుణ్ని పిలిపించాడు. పని ఎంత ప్రమాదమో ఇద్దరికీ తెలుసు. చెలికాడు వసంతుణ్ని, భార్య రతిని వెంట తీసుకుని మన్మథుడు ఆ పనికి వెళ్లాడు, బాణం ఎక్కుపెట్టాడు, మూడో కంటి మంటకు బూడిదయ్యాడు. కథ అక్కడ ఆగలేదు. శివుడు పార్వతిని పెళ్లాడాడు, కుమారస్వామి పుట్టాడు, తారకుడు చచ్చాడు. ఇందులో రాక్షసుడు ఒక్కడే, వాడి పేరు తారకుడు. మన్మథుడు లోకం పని మీద పోయి ప్రాణం పోగొట్టుకున్నవాడు. చెడును కాల్చి మంచి గెలిచిందని అంటున్నవాళ్లు ఆ చెడు ఏం చేసిందో చెప్పాలి. తారకుణ్ని చంపడానికి తోవ వేయడమేనా అది చేసిన పాపం?

కాళిదాసు కుమారసంభవంలో నాలుగో సర్గ మొత్తం రతీదేవి ఏడుపే. ఒక సర్గ నిండా కవి ఆమె దుఃఖాన్నే వినిపించాడంటే పాఠకుడు ఎవరి పక్షాన నిలవాలని కోరాడో తెలుస్తూనే ఉంది. ఆమె మంటలో దూకబోతే ఆకాశవాణి ఆపింది. శివుడు పార్వతి చేయి పట్టిననాడు నీ భర్త నీకు దక్కుతాడని మాట ఇచ్చింది. ఏడో సర్గ చివర పెళ్లయ్యాక దేవతలంతా శివుడికి మొక్కి మన్మథుడి సేవను స్వీకరించమని వేడుకుంటారు. కోపం చల్లారిన శివుడు ఒప్పుకుంటాడు. ఆ బాణాలు తన మీద పడినా సరేనంటాడు. కాల్చినవాడే మళ్లీ పిలుచుకున్న దేవుణ్ని మనం ఏ లెక్కన రాక్షసుల జాబితాలో చేర్చాం? పోతన భాగవతం దశమ స్కంధంలో ఈ కథకు ఇంకో కొస ఉంది. మన్మథుడు రుక్మిణీ కృష్ణులకు ప్రద్యుమ్నుడై పుడతాడు. శంబరుడు పసివాణ్ని ఎత్తుకుపోయి సముద్రంలో పారేస్తే చేప మింగుతుంది. ఆ చేప శంబరుడి వంటింటికే చేరుతుంది. అక్కడ మాయావతి పేరుతో ఎదురుచూస్తున్న రతి చేతికే బిడ్డ దక్కుతాడు. ఒక జన్మంతా కాచుకుని కూర్చున్న ఆడమనిషి కథ ఇది. మన ఓరుగల్లు సీమ కవి తెలుగులో చెప్పిన కథ. మన బడుల్లో దీన్ని ఎవరూ చెప్పరు.

పుస్తకాల మాట ఎందుకు, వేములవాడకే పోయి చూడవచ్చు. శివరాత్రికి రాజన్న గుడికి వచ్చే జనం సంగతి అందరికీ తెలుసు. చాలా శివాలయాల్లో శివరాత్రికే పార్వతీ పరమేశ్వరుల పెళ్లి జరుగుతుంది. వేములవాడలో ఆ రోజు జరగదు. శివ కల్యాణం ఫాల్గుణంలో, కాముని దహనం అయిన తర్వాతే చేస్తారు. మన్మథుడు కాలకముందు శివుడికి పెళ్లి ఎక్కడిదని ఇక్కడివాళ్ల లెక్క. పున్నమినాడు ఊరూరా కాముడు కాలుతాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే రాజన్నకు తలంబ్రాలు పడతాయి. శివుడికే తమను ఇచ్చుకున్న శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు చేతుల్లో త్రిశూలాలతో ఆ పెళ్లికి వచ్చి, తామూ తలంబ్రాలు పోసుకుని, శివుణ్ని తమ భర్తగా భావిస్తారు. లోకం ఎవరి కోరికకూ పేరు పెట్టదో, ఎవరిని పెళ్లి పందిట్లోకి రానివ్వదో వాళ్లే అక్కడ పెళ్లికూతుళ్లు. ఇంత కథను ఒక జిల్లా తన క్యాలెండర్‌లోనే దాచుకుంది. మంట, ఆ వెనక పెళ్లి. ఈ వరుస తెలిసినవాళ్లు మంటను గెలుపు అనరు. పెళ్లికి ముందు జరిగిన బలి అంటారు.

ఆ మంట చుట్టూ మనవాళ్లు ఏం చేసేవారో, ఇంకా కొన్ని ఊళ్లలో ఏం చేస్తున్నారో చూడండి. పున్నానికి వారం పది రోజుల ముందు నుంచే పిల్లలు జాజిరి ఆడతారు. చేతుల్లో కోలలు, వెన్నెల, ఇంటింటి వాకిలి ముందు పాట. ఇంటివాళ్లు వడ్లో మక్కలో పైసలో పెట్టి పంపుతారు. ఆడపిల్లలు వేరే గుంపు కట్టి వాడకట్టు నడుమ తిరుగుతూ చప్పట్లు చరిచి ఆడతారు. కాముని మంటకు కట్టెలు, పిడకలు అడిగి తెచ్చేవి కొన్నయితే కన్నుగప్పి తెచ్చేవి ఎక్కువ. విరిగిన నాగలి, పాత తడక, దొడ్డి గుంజ, ఏది దొరికితే అది. పొద్దున లేచి పోయిన పిడకల కోసం ముసలమ్మ తిట్టినా ఆ తిట్లలో పగ ఉండదు, కాముడికి పోయిందంటే పోయిందే. రాత్రి మంట చుట్టూ తిరుగుతారు, పాడతారు. తెల్లవారి ఆ బూడిదను నుదుట పెట్టుకుంటారు, చిటికెడు ఇంటికి తెచ్చుకుంటారు. దసరాకు రావణుణ్ని కాల్చే ఊళ్లు మనకూ ఉన్నాయి. ఆ బూడిదను ఎవరైనా పసిపిల్లల నుదుట పెడతారా? బూడిద ఎవరిదో జనానికి తెలుసు. అది తమవాడి బూడిద.

తెల్లవారి రంగు దగ్గరికి వస్తే నాకు ఈ పండుగంతటిలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఉంది. ఫాల్గుణంలో జన్నారం, కడెం, ఉట్నూరు అడవుల్లో మోదుగు చెట్టుకు ఆకు రాలి కొమ్మ కొమ్మా ఎర్రబడుతుంది. ఆ పూలు తెచ్చి నీళ్లలో నానబెట్టినా, ఉడకబెట్టినా పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. మన ప్రాంతంలో పాత హోలీ రంగు అదే. కాళిదాసు మూడో సర్గలో, శివుడి తపోవనంలోకి వసంతుడు అకాలంగా అడుగుపెట్టగానే మొదట వర్ణించిన పూలలో మోదుగు మొగ్గలున్నాయి. విచ్చుకోని ఆ ఎర్రని వంకర మొగ్గలు ఆయనకు వసంతుడు అడవిపిల్ల ఒంటి మీద వదిలిన గోటి గుర్తుల్లా కనిపించాయి. మన్మథుడు కాలిన అడవిలో ఆ గడియకు పూసి ఉన్న పువ్వుతోనే మన పల్లెలు ఆ తెల్లవారి రంగు చల్లుకుంటున్నాయి. కాళిదాసును చదివి ఏ రైతూ మోదుగు పూలు కోసుకురాలేదు. అదే రుతువు, అదే అడవి, అదే కథ కనుక అదే పువ్వు దొరికింది. కాముడు కాలిన మర్నాడు వసంతుడు మాత్రం మిగిలి ఉంటాడు, చెలికాడి పేరు మీద ఊరందరి ఒంటి మీదికి వస్తాడు. ఇందులో కామం మీద విజయం ఎక్కడుందో నాకు కనిపించదు. కామం తిరిగి రావడమే కనిపిస్తుంది.

ఇలాంటి పండుగ మన ఒక్కరిదే కాదు. తమిళనాడు తంజావూరు ప్రాంతంలో కాముని పండుగకు లావణి గాయకులు రెండు పక్షాలుగా విడిపోతారు. కాముడు కాలిపోయాడని ఒక పక్షం, కాలిపోలేదని ఇంకో పక్షం రాత్రంతా పాటల్లో వాదించుకుంటారు. ప్రేమదేవుడు చచ్చాడా బతికే ఉన్నాడా అని ఊరు ఊరంతా మేలుకుని వినే చోట, చెడు మీద మంచి గెలిచిందనే మాటకు తావెక్కడ? మన గోదావరి ఒడ్డు సంగతి ఇంకా పాతది. శాతవాహన హాలుడి పేరు మీద ఉన్న గాథాసప్తశతిలో ఫాల్గుణ వేడుకలో ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం, ఆ చాటున సాగే సరసం కనిపిస్తాయి. ఆ శాతవాహనుల నాణేలు కోటిలింగాలలో, పెద్దబంకూరులో, ధూళికట్టలో మన కాళ్ల కిందే దొరికాయి. ఇక 7వ శతాబ్దపు హర్షుడి రత్నావళిలో రాణి వాసవదత్త అశోక చెట్టు కింద మన్మథుడికి స్వయంగా పూజ చేస్తుంది. వసంతోత్సవాల రాజు కొండవీటి కుమారగిరిరెడ్డి మీద 1957లో కర్పూర వసంతరాయలు రాసిన సి. నారాయణరెడ్డి వేములవాడ పక్కనున్న హనుమాజీపేటలో పుట్టినవాడే. ఇంత వెనక బలమున్న దేవుణ్ని తెచ్చి దిష్టిబొమ్మ చేయడానికి మనకు ముప్పై నలభై ఏళ్లు కూడా పట్టలేదు.

హోళిక మాట తీసినవాళ్లకు ఒక సమాధానం చెప్పాలి. ప్రహ్లాదుడు మనకు పరాయివాడు కాడు. ధర్మపురి నరసింహస్వామి ఉన్న నేల ఇది. శేషప్ప కవి ఆ స్వామి మీద శతకం రాసిన నేల. ఆ గుడి బ్రహ్మోత్సవాలు జరిగేది కూడా ఈ ఫాల్గుణంలోనే. ఉత్తరాదిన హోళిక మంట వేస్తారు, అది వాళ్ల పండుగ, వాళ్ల కథ, దాన్ని కాదనే పని నాకు లేదు. కానీ ధర్మపురి చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఆ రాత్రి కాలేవాడి పేరు కాముడే. ఆ మంట ముందు ఏ తాత కూడా మనవడికి హోళిక పేరు చెప్పలేదు. నరసింహుడికి ఉత్సవం జరుగుతుండగానే కాముడికి మంట వేశారు, రెండింటినీ కలగలపాలని ఎవరికీ తోచలేదు. టీవీ చూసి, ఇతర రాష్ట్రాల పాఠ్యపుస్తకం చూసి ఇప్పుడు కలగలుపుతున్నాం. కలిపితే పోయేది ఏమిటో గమనించాలి. హోళిక కథలో రతి లేదు. ఏడ్చే మనిషి లేదు. పసివాణ్ని కాల్చబోయిన రాక్షసి కాలిపోయింది, మంచిదే అయింది, అంతటితో సరి. ఆ కథలో మంట వేసినవాళ్ల మనసు మీద బరువేమీ పడదు. కాముని కథలో బరువు ఉంది.

అడవి వైపు పోతే ఇదే పున్నమికి ఆదిలాబాద్ గోండు గూడేల్లో దురాడి జరుగుతుంది. మాత్రాల్, మాత్రి పేర్లతో ఒక మగ, ఒక ఆడ రూపాన్ని నిలిపి దహనం చేస్తారు. అది వాళ్ల పండుగ. వాళ్ల కథను తెచ్చి మన కాముడి కథలో కలిపేయడం తప్పు, హోళికను తెచ్చి కాముడి మీద కప్పడం ఎంత తప్పో అంతే తప్పు. నేను ఎత్తిచూపేది ఒక్కటే. ఒకే పున్నమికి ఒకే జిల్లాలో ఇన్ని కథలు పక్కపక్కన బతికాయి, ఒకదాన్ని ఒకటి మింగలేదు. అన్నిటి మీదా ఒకే వ్యాఖ్యానం రుద్దే అలవాటు కొత్తది.

చదువుకున్నవాళ్లలో ఇంకో మాట బలంగా ఉంది. మన్మథుడంటే మన క్యూపిడ్ అని. కొందరు దానికి చరిత్ర కూడా జోడిస్తారు. విల్లమ్ములు పట్టిన ప్రేమదేవుడు అలెగ్జాండర్ వెంట వచ్చిన గ్రీకుల దగ్గర నుంచి మనకు అందాడట. ఈ వాదనకు తేదీలే అడ్డం. అలెగ్జాండర్ మన దేశంలో అడుగుపెట్టింది క్రీ.పూ. 326లో. దానికి వందల ఏళ్ల ముందటి అథర్వవేదం మూడో కాండలో, కోరుకున్న మనిషి గుండెలో కాముడి బాణం దిగాలని చెప్పే మంత్రం ఉంది. ఆ బాణానికి ఈకలేమిటో, ములికి ఏమిటో కూడా అందులో చెప్పారు. గ్రీకుల వైపు క్రీ.పూ. 700 ప్రాంతపు హెసియడ్ తన దేవతల పుట్టుక కావ్యంలో ఎరోస్‌ను అందరికంటే ముందు వచ్చినవాళ్లలో చేర్చాడు, కానీ చేతికి బాణాలు ఇవ్వలేదు. ఎరోస్ బాణాలు స్పష్టంగా కనిపించేది క్రీ.పూ. 5వ శతాబ్దంలో, యూరిపిడీస్ నాటకాల కాలానికి. అలాగని వాళ్లు మన దగ్గర తీసుకున్నారని నేను అనను. ప్రేమ తగిలినప్పుడు బాణం తగిలినట్టే ఉంటుందని తెలుసుకోవడానికి ఎవరికీ ఎవరి అనువాదమూ అక్కర్లేదు. పెద్దబంకూరు తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికిన మాట నిజమే. సరుకుతో పాటు నాణెం వచ్చింది. ఆ నాణెం రాకముందే కాముడు ఇక్కడ ఉన్నాడు.

క్యూపిడ్ పోలికలో ఇంకా పెద్ద పొరపాటు ఉంది. పోల్చేవాళ్ల మనసులో ఉన్నది రెక్కలున్న బొద్దు పసివాడు, గ్రీటింగ్ కార్డుల మీది బొమ్మ. పాత గ్రీకుల ఎరోస్ పసివాడు కాడు. పాత కుండల మీది బొమ్మల్లో అతడు మీసం రాని యువకుడు. కుర్రాళ్లు కుస్తీలు నేర్చే వ్యాయామశాలల్లో అతడి విగ్రహం ఉండేది. స్పార్టా సైనికులు యుద్ధానికి దిగేముందు అతడికి బలి ఇచ్చేవారని పాత గ్రంథాలు చెబుతున్నాయి. పక్కన నిలబడ్డవాడి మీద ప్రేమ ఉంటే తప్ప వరుస చెదరకుండా పోరాడలేరని వాళ్ల నమ్మకం. అతడికి అన్నిటికంటే పాత పూజ జరిగింది బియోషియాలోని థెస్పియే అనే ఊళ్లో. క్రీ.శ. 2వ శతాబ్దంలో దేశమంతా తిరిగి రాసిపెట్టిన పౌసానియస్ ఆ ఊరి ఎరోస్ గురించి చెప్పిన సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. అక్కడివాళ్లు మొదటి నుంచీ ఎరోస్‌గా కొలిచింది చెక్కని ఒక ఉత్త రాయిని. ముక్కు లేదు, మొహం లేదు, రెక్కలు లేవు. తర్వాత ప్రాక్సిటిలీస్ పాలరాతిలో గొప్ప విగ్రహం చెక్కి ఇస్తే లోకమంతా చూడటానికి వచ్చింది. దాన్ని రోమ్ చక్రవర్తి కలిగులా పట్టుకుపోయాడు, క్లాడియస్ తిరిగి పంపాడు, నీరో మళ్లీ పట్టుకుపోయాడు. చివరికి అది రోమ్‌లో మంటల్లో కాలిపోయింది. ఒంటి రూపం లేని రాయి ఒకటి, మంటలో పోయిన అందమైన ఒళ్లు ఒకటి. అనంగుడంటే ఎవరో తెలిసిన మనకు ఈ రెండూ కొత్తగా అనిపించవు. పోలిక కావాలంటే ఈ ఎరోస్‌తో పోల్చండి. కార్డు మీది పసివాడితో పోల్చి మన్మథుణ్ని చిన్నపిల్లల బొమ్మగా మార్చకండి.

ఇంకా లోతైన పోలిక ప్లేటో రాసిన విందు సంభాషణలో ఉంది. అక్కడ దియోతిమా అనే ఆమె ఎరోస్ పుట్టుక చెబుతుంది. తండ్రి ఉపాయం, తల్లి పేదరికం. తల్లి పోలిక వచ్చి వాడు ఎప్పుడూ లేనివాడే. కాళ్లకు చెప్పులుండవు, ఇల్లుండదు, గుమ్మాల ముందు, దారి పక్కన పడుకుంటాడు. తండ్రి పోలిక వచ్చి ఏదో ఒక ఉపాయం పన్నుతూనే ఉంటాడు. ఈ మాటలు చదువుతుంటే నాకు జాజిరి పోరగాళ్లే గుర్తొస్తారు. ఖాళీ చేతులతో వచ్చి వాకిట్లో నిలబడి అడిగేవాళ్లు, అడిగినా పెట్టకపోతే పిడక ఎత్తుకుపోయేవాళ్లు. ప్రేమదేవుడు లేమి నుంచి పుట్టాడని ఏథెన్స్‌లో ఒక తత్వవేత్త రాశాడు. మన పల్లెలు ఆ దేవుడి పండుగను ఊరి పేద పిల్లల చేతికే ఇచ్చాయి. గ్రీకులు ఆ దేవుణ్ని చూసి భయపడ్డారు కూడా. సోఫోక్లీస్ నాటకంలో బృందం అతణ్ని ఎవరూ గెలవలేనివాడని పాడుతుంది. రోమన్ రచయిత అపులేయస్ కథలో భార్య సైకీ దీపం పట్టి చూడబోతే వేడి నూనె చుక్క పడి క్యూపిడ్ భుజం కాలుతుంది. వాడు ఎగిరిపోతాడు, ఆమె లోకమంతా వెతుక్కుంటూ తిరుగుతుంది. అక్కడా కాలిన ప్రేమదేవుడు ఉన్నాడు, అక్కడా వెతికే భార్య ఉంది, చివరికి అక్కడా కలయికే. కాల్చి పండుగ చేసుకున్నామని మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. మన పాతవాళ్లూ చెప్పుకోలేదు.

కామం అరిషడ్వర్గంలో మొదటిది కదా అని శాస్త్రం తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే. ఆ శాస్త్రమే ధర్మార్థకామమోక్షాలని నాలుగు పురుషార్థాలలో దాన్ని నిలబెట్టింది. మనిషికి కామం ఉండకూడదని ఎక్కడా అనలేదు, ధర్మం తప్పి ఉండకూడదని అంది. సన్యాసికి చెప్పిన మాట సన్యాసికి. ఇంటింటా పిల్లల పెళ్లిళ్ల మాటలు సాగే ఫాల్గుణంలో, రేపు కాపురాలు చేయాల్సిన పిల్లలను మంట చుట్టూ నిలబెట్టి కోరికే మీ శత్రువని చెప్పడం ఏ శాస్త్రం?

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే సంగతికి వస్తాను. ఫిబ్రవరి 14 వస్తే పార్కుల్లో జంటలను వెంటాడేవాళ్లున్నారు. ప్రేమ పాశ్చాత్యుల సంస్కృతి, మనది కాదంటారు. ఆ తర్వాత వారాలు తిరగకుండానే మన ప్రేమదేవుడి పండుగ వస్తుంది. ఆ రోజు ఇదే గొంతు అతణ్ని చెడు అంటుంది, కాల్చడం మంచి పని అంటుంది. ఒక దేవుణ్ని పరాయివాడని తరిమి, ఇంటి దేవుణ్ని పాపాత్ముడని కాల్చాక మన పిల్లలకు మిగిలేది ఏమిటి? ప్రేమను గౌరవంగా పలకడానికి వాళ్లకు సొంత భాషలో ఒక కథ లేదు, ఒక దేవుడు లేడు, ఒక పాట లేదు. ఉన్నది సినిమా, ఉన్నది సెల్‌ఫోన్. కులం దాటి ఇష్టపడ్డారని కన్నవాళ్లే పిల్లలను చంపుకుంటున్న వార్తలు చదువుతున్న రాష్ట్రం మనది. ఆ హత్యలు కాముని పున్నం వ్యాఖ్యానం వల్ల జరుగుతున్నాయని నేను అనను. వాటి వెనక కులం ఉంది, ఆస్తి ఉంది, పరువు పిచ్చి ఉంది. కానీ కోరిక అంటేనే కాల్చదగ్గదని ఊరందరి ముందు ఏటా చెప్పే చోట, ఇష్టపడ్డ పిల్ల పక్షాన మాట్లాడే నోరు ఒకటి తగ్గుతుంది. రతి ఏడుపు ఊరికి గుర్తుంటే ఆ నోరు ఉండేది. లోకం కోసం పోయి కాలినవాడి భార్య వచ్చి నా తప్పేమిటని అడుగుతుంది, దేవుళ్లంతా తల దించుకుంటారు. ఆ సన్నివేశం ఊరి నడుమ నిలవాలి.

జాజిరి పాటల్లో బూతు ఉందని, అందుకే బడులు వద్దంటున్నాయని ఒక మాట. కొన్ని పాటల్లో మోటు సరసం ఉంది, ఎవరూ దాచలేదు. పంట చేతికొచ్చే కాలపు పండుగల్లో ఆ సరసం లోకమంతటా ఉంది. దాన్ని ఆడపిల్లల ఒంటి మీద చేయి వేసే పోకిరితనంతో కలపకూడదు. రంగు పేరు చెప్పి వద్దన్న ఆడమనిషిని ముట్టుకునేవాడు నేరం చేస్తున్నాడు, పోలీసులు పట్టుకోవాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ నేరం పెరిగింది పాటలున్న రోజుల్లో కాదు. ఆడపిల్లల కోలలు, చప్పట్లు, వెన్నెల పాటలు ఊరి నడుమ సాగినప్పుడు ఆ రాత్రుల్లో వాళ్లకు సొంత చోటు ఉండేది. పాట పోయింది, ఆ చోటూ పోయింది. వాటి జాగాలో డీజే, మందు, ఒళ్లు మండే రసాయన రంగులు వచ్చాయి. కామాన్ని కాల్చేశామని చెప్పుకునే పండుగే ఆడవాళ్లు బయటికి రావడానికి జంకే పండుగ అయింది. కాముణ్ని దేవుడిగా చూసినప్పుడు రతి పక్కన ఉంది. అతణ్ని చెడుగా మార్చాక రతికి స్థలం లేదు.

కాబట్టి ఈ ఫాల్గుణానికి జిల్లా పేజీలు రాసేవాళ్లకు నా విన్నపం సూటిగా ఉంది. చెడు మీద మంచి గెలుపు అనే వాక్యాన్ని ఒక్క ఏడాది తీసేయండి. దాని జాగాలో తారకుడి కథ, రతి కథ, వేములవాడ కల్యాణం ఎందుకు కాముని దహనం తర్వాత జరుగుతుందో రాయండి. బడుల్లో చెప్పే సార్లు, మేడమ్‌లు పిల్లల చేత మోదుగు పూలు ఏరించి రంగు తీయించండి, ఆ పువ్వు ఆ కథలో ఎక్కడుందో చెప్పండి. జాజిరి పాటలు తెలిసిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి 1958లో గ్రంథంగా అచ్చు వేయించిననాడు టేపు రికార్డరు దొరకడమే కష్టం. ఇప్పుడు ప్రతి ఇంటర్ పిల్లవాడి జేబులో రికార్డు చేసే ఫోను ఉంది. శాతవాహన విశ్వవిద్యాలయం తెలుగు శాఖ తలుచుకుంటే ఒక్క ఫాల్గుణంలో జిల్లా అంతటి నుంచి ఈ పాటలు పోగవుతాయి. ఏ ఊళ్లో రతిని ఏ పేరుతో పిలుస్తారో, ఏ ఊళ్లో కాముడికి బొమ్మ చేస్తారో, ఏ ఊళ్లో ఉత్త కట్టెలే పేరుస్తారో, బూడిదను ఎవరు ముందు తీసుకుంటారో అన్నీ రాసుకోండి. ముందు ఆడపిల్లల పాటలు రాసుకోండి. అవే వేగంగా పోతున్నాయి.